రాసేదీ గీసేదీ ఒక్కరే: చిన్నపిల్లల బొమ్మల పుస్తకాల కర్తలు

అక్షరాలు ఇంకా రాని పిల్లల కోసం బొమ్మలూ మాటలూ కలగలిపి కథ చెప్పేది బొమ్మల పుస్తకం. రెండేళ్ళ పసివాళ్ళు మొదలుకొని, బడిలో చేరి కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టే ఐదారేళ్ళ వాళ్ళ దాకా దీనికి పాఠకులు. మామూలుగా కథ ఒకరు రాస్తే బొమ్మలు మరొకరు వేస్తారు. అయితే తరాలు మారినా అటకెక్కకుండా నిలిచిన బొమ్మల పుస్తకాలను వరసగా పేర్చి చూస్తే వాటిలో చాలావాటి అట్ట మీద ఒకే పేరు ఉంటుంది. ఇంగ్లండులో బీట్రిక్స్ పాటర్, పాట్ హచిన్స్, జుడిత్ కెర్. అమెరికాలో వాండా గాగ్, ఎజ్రా జాక్ కీట్స్, మారిస్ సెండాక్, ఎరిక్ కార్ల్. నెదర్లాండ్స్‌లో డిక్ బ్రూనా. రష్యాలో వ్లదీమిర్ సుతయేవ్. జపానులో కాకో సతోషి, గోమి తారో. వీళ్ళంతా రాసిన చేత్తోనే బొమ్మలూ వేసినవాళ్ళు. బాలసాహిత్య చరిత్రలో వీళ్ళకు దక్కాల్సిన చోటు చాలా పెద్దది. సాహిత్య చరిత్రకారులు వీళ్ళను చిత్రకారులనుకుని, చిత్రకళా చరిత్రకారులు పిల్లల రచయితలనుకుని పక్కన పెట్టడం వల్ల ఆ చోటు చాలాకాలం ఖాళీగానే ఉండిపోయింది.

ఇద్దరు పాఠకులు, ఒక పుస్తకం

బొమ్మల పుస్తకాన్ని ఒకేసారి ఇద్దరు చదువుతారు. చదివి వినిపించే పెద్దవాళ్ళ చూపు అక్షరాల మీద ఉంటుంది. ఒళ్ళో కూర్చున్న బిడ్డ చూపు బొమ్మ మీద ఉంటుంది. అమ్మ ఒక వాక్యం ముగించేలోపు బిడ్డ బొమ్మంతా చూసేసి, అమ్మ గమనించనిదాన్ని వేలు పెట్టి చూపిస్తుంది. మాట చెప్పిన సంగతినే బొమ్మ మళ్ళీ చెబితే ఆ వేలికి పని ఉండదు. మాట ఎక్కడ ఆగాలో, బొమ్మ ఎక్కడ అందుకోవాలో తేల్చుకోవడమే ఈ కళలో అసలు పని. రెండూ ఒకే మనిషి ఆలోచనలో పుట్టినప్పుడు ఆ పంపకం తేలిగ్గా కుదురుతుంది. తాను రాసిన వాక్యాన్ని కొట్టేసి దాని బరువు బొమ్మ మీద పెట్టే ధైర్యం, ఆ బొమ్మ వేయబోయేది కూడా తానే అయిన రచయితకు వస్తుంది.

పాట్ హచిన్స్ 1968లో వెలువరించిన 'రోజీస్ వాక్' దీనికి చక్కని ఉదాహరణ. రోజీ అనే కోడిపెట్ట పొలంలో షికారుకు వెళ్ళి, తిరిగి భోజనం వేళకు గూటికి చేరుకుంటుంది. పుస్తకమంతా కలిపి 32 ఇంగ్లీషు మాటలు, ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యంలో నక్క అనే మాట ఎక్కడా లేదు. బొమ్మల్లో మాత్రం మొదటి నుంచీ ఒక నక్క రోజీ వెనకాలే నక్కి నక్కి వస్తూ, దూకబోయిన ప్రతిసారీ ఏదో ఒక ఆపదలో పడుతుంది. చదివేవాళ్ళు నక్క ఊసెత్తరు. వినే పిల్లలకు అది ఒక్కటే కనిపిస్తుంది. పెద్దవాళ్ళకు తెలియని సంగతి తమకు తెలుసన్న ఆనందం మూడేళ్ళ పిల్లలకు ఎంత అరుదుగా దొరుకుతుందో ఆలోచిస్తే హచిన్స్ చేసిన పని విలువ అర్థమవుతుంది. ఇంత చిన్న రచనలో ఇంత గౌరవాన్ని పిల్లల పాఠకుడికి ఇచ్చిన పుస్తకాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి. దీనికి కారణం అచ్చు యంత్రం. పెద్ద కాగితాన్ని అచ్చువేసి మడిస్తే 8, 16 పేజీల కట్టలు వస్తాయి; 16 పేజీల ఫారాలు రెండు కుడితే పుస్తకం. పేరు పేజీ, హక్కుల పేజీ పోగా కథకు మిగిలేవి పన్నెండు పద్నాలుగు జంట పేజీలు. వాటి మధ్య పేజీ తిప్పే ఆ క్షణం నాటకంలో తెర లేచే క్షణం లాంటిది. ఏ మాట దగ్గర పేజీ తిప్పించాలి, తిప్పాక ఏమి కనిపించాలి అన్నది రచనలో భాగమే. అందుకే ఈ కర్తలు ముందుగా రాతప్రతి రాసి పంపించరు. చిత్తు కాగితాలు మడిచి, కుట్టి, చేతిలో పట్టుకుని తిప్పి చూసుకునే నమూనా పుస్తకం తయారుచేసుకుంటారు.

జంటగా పనిచేసినవాళ్ళు తక్కువ వాళ్ళని దీని అర్థం కాదు. మార్గరెట్ వైజ్ బ్రౌన్ రాయగా క్లెమెంట్ హర్డ్ బొమ్మలు వేసిన 'గుడ్‌నైట్ మూన్' (1947), జూలియా డొనాల్డ్‌సన్, ఆక్సెల్ షెఫ్లర్ల 'ద గ్రఫలో' (1999) ఏ కొలతతో చూసినా గొప్ప పుస్తకాలే. ఈ వ్యాసం పరిధి మాత్రం ఒంటిచేతి కర్తలు.

ఆరంభాలు

1658లో మొరావియా విద్యావేత్త కొమీనియస్ వెలువరించిన 'ఆర్బిస్ పిక్టస్'ను పిల్లల కోసం బొమ్మలతో వచ్చిన తొలి పాఠ్యపుస్తకాల్లో ఒకటిగా చెబుతారు. అది పాఠం కోసం. ఆనందం కోసం చూసే బొమ్మల పుస్తకానికి రంగుల అచ్చు చవకయ్యేదాకా ఆగాల్సివచ్చింది. 19వ శతాబ్దం చివర్లో లండన్ ముద్రాపకుడు ఎడ్మండ్ ఎవాన్స్ చెక్క దిమ్మెలతో రంగులు అచ్చువేసే పనిలో ఆరితేరి, వాల్టర్ క్రేన్, రాండాల్ఫ్ కాల్డెకాట్, కేట్ గ్రీన్‌అవేల చేత పుస్తకాలు చేయించాడు. కాల్డెకాట్ 1878 నుంచి తెచ్చిన పుస్తకాల్లో మాటలు పాతవే, జనం నోళ్ళలో ఉన్నవే. కాని ఆ మాటల్లో లేని చిన్న చిన్న కథలను ఆయన బొమ్మల్లో నడిపించాడు. గ్రీన్‌అవే 1879లో 'అండర్ ద విండో'కు పద్యాలూ బొమ్మలూ తానే సమకూర్చింది. అమెరికాలో ఏటా అత్యుత్తమ బొమ్మల పుస్తక చిత్రకారులకు 1938 నుంచి ఇస్తున్న పతకానికి కాల్డెకాట్ పేరే పెట్టారు. బ్రిటన్‌లో 1955లో నెలకొల్పిన పతకం చాలాకాలం గ్రీన్‌అవే పేరుతో నడిచింది.

బీట్రిక్స్ పాటర్ (1866–1943)తో కథ అసలైన మలుపు తిరిగింది. ఆమె ధనిక కుటుంబంలో బడికి వెళ్ళకుండా ఇంట్లోనే చదువుకుంది. కుందేళ్ళు, ఎలుకలు, ముళ్ళపందులను పెంచుకుంటూ, వాటిని గంటల తరబడి గీస్తూ పెరిగింది. పుట్టగొడుగుల మీద ఆమె చేసిన పరిశోధన పత్రాన్ని 1897లో లండన్‌లోని లినియన్ సొసైటీకి సమర్పించారు. 1893 సెప్టెంబరు 4న, తనకు చదువు చెప్పిన ఉపాధ్యాయిని కొడుకు నోయెల్ జబ్బుపడి ఉంటే, వాడిని ఉత్సాహపరచడానికి బొమ్మలు గీస్తూ ఒక ఉత్తరం రాసింది. అందులో పీటర్ అనే కుందేలు పిల్ల కథ ఉంది. తర్వాత దాన్ని పుస్తకంగా చేసి పంపితే ప్రచురణకర్తలు తిప్పికొట్టారు. పుస్తకం చిన్నదిగా, చిన్నచేతుల్లో ఇమిడేలా, పిల్లలు కొనుక్కోగల ధరలో ఉండాలన్నది ఆమె పట్టు. 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించుకుంది. 1902లో ఫ్రెడరిక్ వార్న్ సంస్థ రంగుల బొమ్మలతో దాన్ని ప్రచురించింది.

ఆ కుందేలు నీలం కోటు తొడుక్కుంటుంది. అయినా దాని ఎముకలు, కండరాలు, చెవులు నిక్కే తీరు అచ్చంగా కుందేలువే. ప్రకృతి శాస్త్రవేత్త కన్ను, కథకురాలి చెవి ఒకే మనిషిలో ఉండటం వల్ల వచ్చిన ఫలితం ఇది. ఆపదను దాచకపోవడం ఆమె మరో గొప్పతనం. పీటర్ వాళ్ళ నాన్న ఒక తోటలోకి వెళ్ళి ఆ తోటమాలి ఇంటి వంటకంగా మారిపోయాడని కథ మొదట్లోనే చెప్పేస్తుంది. పుస్తకాల మీద వచ్చిన డబ్బుతో ఇంగ్లండు లేక్ డిస్ట్రిక్టులో పొలాలు కొని, గొర్రెలు పెంచి, చనిపోయేటప్పుడు 4,000 ఎకరాలకు పైగా భూమిని నేషనల్ ట్రస్టుకు రాసిచ్చింది. ఈనాడు ఆ కొండలు చెక్కుచెదరకుండా ఉండటంలో కుందేలు కథకు కూడా పాలుంది.

వాండా గాగ్ అమెరికాలోని మిన్నెసోటాలో వలస కుటుంబంలో పుట్టింది. తండ్రి పోయాక బొమ్మలు అమ్మి తమ్ముణ్ణీ చెల్లెళ్ళనీ పోషించింది. 1928లో వచ్చిన ఆమె 'మిలియన్స్ ఆఫ్ క్యాట్స్'ను ఆధునిక అమెరికన్ బొమ్మల పుస్తకానికి నాంది అంటారు. ఒంటరి ముసలి దంపతులకు ఒక పిల్లి కావాలి. ముసలాయన కొండ మీదికి వెళ్ళి లెక్కలేనన్ని పిల్లులను వెంటబెట్టుకొస్తాడు. గాగ్ ఎడమ పేజీనీ కుడి పేజీనీ ఒకే చిత్రంగా కలిపేసింది. కొండలు, దారి, పిల్లుల బారు ఒక పక్కనుంచి మరో పక్కకు పారుతూ కన్నును పేజీ తిప్పే వైపు లాక్కుపోతాయి. అక్షరాలు కూడా అచ్చువి కావు. తమ్ముడు హోవర్డ్ చేత్తో రాసినవి. నలుపు తెలుపుల్లోనే ఉన్న ఆ పుస్తకం నేటికీ అచ్చవుతూనే ఉంది.

మాస్కో నుంచి వచ్చిన పుస్తకాలు

తెలుగు పాఠకులకు ఒంటిచేతి బొమ్మల పుస్తకాలు దగ్గరైంది లండన్, న్యూయార్కుల నుంచి కాదు, మాస్కో నుంచి. ప్రగతి ప్రచురణాలయం, తర్వాత రాదుగ ప్రచురణాలయం తెలుగులో అచ్చువేసి పంపిన పిల్లల పుస్తకాలు విశాలాంధ్ర పుస్తక దుకాణాల్లో చవకగా దొరికేవి. 1970లు, 80లలో పెరిగిన ఎందరికో నున్నని కాగితం మీద రంగుల బొమ్మలతో మొదటి పరిచయం అవే.

ఆ సంప్రదాయంలో వ్లదీమిర్ సుతయేవ్ (1903–1993) ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవాడు. ఆయన మొదట యానిమేషన్ చిత్రకారుడు, దర్శకుడు. సినిమా నేర్పిన పొదుపు పుస్తకంలోకి తెచ్చుకున్నాడు. ఒక చిన్న బొమ్మ, దాని కింద ఒకటి రెండు వాక్యాలు, మళ్ళీ బొమ్మ. కదలిక ఎక్కడా తెగదు. వానకు తడుస్తూ ఒక చీమ చిన్న పుట్టగొడుగు కింద దూరుతుంది. తర్వాత సీతాకోకచిలుక, ఎలుక, పిచ్చుక, చివరికి కుందేలు వస్తాయి. చీమకే చాలని చోట ఇందరు ఎలా పట్టారన్నది కథ. జవాబు మాటల్లో వచ్చేలోపే పిల్లలు బొమ్మలో కనిపెట్టేస్తారు, ఎందుకంటే ప్రతి బొమ్మలోనూ పుట్టగొడుగు కొంచెం కొంచెం పెరుగుతూ ఉంటుంది. సుతయేవ్ కథలు తెలుగులోకీ వచ్చాయి. అదే కాలపు మరో రష్యన్ కర్త యెవ్గేనీ చరూషిన్ అడవి జంతువుల పిల్లలను ఎంత మెత్తగా గీశాడంటే, ఆ బొచ్చును తడమాలని చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది.

తగ్గించడం అనే విద్య: డిక్ బ్రూనా

1955లో డచ్చి చిత్రకారుడు డిక్ బ్రూనా (1927–2017) సముద్రం ఒడ్డున సెలవులు గడుపుతూ, అక్కడ ఇసుకదిబ్బల్లో కనిపించిన కుందేలు గురించి కొడుక్కి కథలు చెప్పాడు. ఆ కుందేలే డచ్చి పిల్లల నైన్చె. ఇంగ్లీషులో దాని పేరు మిఫీ. బ్రూనా కుటుంబానిది ఉట్రెక్ట్‌లో ప్రచురణ సంస్థ. ఆ సంస్థ చవక నవలలకు ఆయన రెండువేల దాకా అట్టలు వేశాడు. దూరం నుంచి చూసినా పట్టేసుకునే బొమ్మ ఎలా ఉండాలో ఆ పనిలోనే నేర్చుకున్నాడు. చిత్రకారుడు మతీస్ కత్తెరతో కత్తిరించిన రంగు కాగితాలు, డి స్టైల్ ఉద్యమ కళాకారుల శుద్ధమైన రంగులు ఆయనకు గురువులు.

1960ల నుంచి ఆయన పుస్తకాలు చిన్న చదరాలుగా వచ్చాయి. పన్నెండు బొమ్మలు, ప్రతి బొమ్మ పక్కనా నాలుగు పంక్తులు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. తర్వాత అవసరానికి గోధుమ, బూడిద రంగులు. వీటికి తోడు కుంచెతో గీసిన నల్లటి గీత. దగ్గరగా చూస్తే ఆ గీత కాస్త వణుకుతూ ఉంటుంది. యంత్రం గీసినట్టుండే ఆ బొమ్మలో మనిషి చెయ్యి తెలిసేది అక్కడే. ముఖమంటే రెండు చుక్కలు, ఒక గుణకారం గుర్తు. అంతే. అన్ని పుస్తకాల్లోనూ మిఫీ తిన్నగా మనవైపే చూస్తుంది. ఏడుపు వస్తే కంటి కింద ఒక్క నీటిచుక్క పడుతుంది. ఆ ఒక్క చుక్క ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ఎన్నో కాగితాలు పారేసేవాడు.

తీసివేస్తూ పోవడం సోమరితనంలా కనిపిస్తుంది కాబట్టి బ్రూనాను తేలికగా తీసేసినవాళ్ళున్నారు. రెండేళ్ళ పిల్లల చేతికి ఆ పుస్తకం ఇచ్చి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. గజిబిజి బొమ్మలో ఎక్కడ చూడాలో తెలియని వయసుకు బ్రూనా పేజీ స్థిమితమిస్తుంది. ఆయన కష్టమైన సంగతులనూ వదల్లేదు. 1996లో వచ్చిన పుస్తకంలో మిఫీ నానమ్మ చనిపోతుంది. పెట్టె, సమాధి, కన్నీళ్ళు అన్నీ అదే నల్లటి గీతలో, అవే రంగుల్లో ఉంటాయి. ఆయన పుస్తకాలు 50కి పైగా భాషల్లో వచ్చి, 8 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. ఉట్రెక్ట్‌లో నైన్చె పేరుతో పసిపిల్లల కోసమే ఒక మ్యూజియం ఉంది.

అమెరికా: 1959 నుంచి 1969 దాకా

ఒకే దశాబ్దంలో ఇన్ని గొప్ప పుస్తకాలు మరే దేశంలోనూ రాలేదని నా అభిప్రాయం. అంతకుముందే గట్టి పునాది ఉంది. వర్జీనియా లీ బర్టన్ 'ద లిటిల్ హౌస్' (1942)లో ఒకే ఇల్లు పేజీలో ఒకే చోట నిలబడి ఉండగా చుట్టూ పొలాలు పోయి నగరం మూగిపోతుంది. రాబర్ట్ మెక్లోస్కీ 'మేక్ వే ఫర్ డక్‌లింగ్స్' (1941) కోసం బాతులను న్యూయార్కులోని తన గదికి తెచ్చుకుని, స్నానాల తొట్టిలో ఈదించి, వాటి వెనక నేల మీద పాకుతూ బొమ్మలు వేసుకున్నాడు. ఆ బాతుల కంచు విగ్రహాలు 1987 నుంచి బోస్టన్ పార్కులో ఉన్నాయి.

1959లో లియో లియోనీ అనే పత్రికా కళాదర్శకుడు మనవడినీ మనవరాలినీ తీసుకుని రైల్లో వెళ్తున్నాడు. పిల్లలు అల్లరి మొదలుపెట్టారు. చేతిలో ఉన్న పత్రిక నుంచి నీలం, పసుపు ముక్కలు చింపి కథ అల్లాడు. నీలంగాడు, పసుపుగాడు కౌగిలించుకుంటే ఇద్దరూ ఆకుపచ్చగా మారిపోతారు. ఎవరి అమ్మానాన్నలూ వాళ్ళను గుర్తుపట్టరు. కళ్ళు, కాళ్ళు, నోళ్ళు ఏవీ లేని కాగితం ముక్కలతో స్నేహం, తల్లడిల్లడం, ఊరట అన్నీ చూపించవచ్చని ఆ పుస్తకం నిరూపించింది.

ఎజ్రా జాక్ కీట్స్ (1916–1983) బ్రూక్లిన్‌లో పోలండు నుంచి వచ్చిన పేద యూదు కుటుంబంలో పుట్టాడు. ఇతరుల కథలకు బొమ్మలు వేస్తూ వచ్చాడు. నల్లజాతి పిల్లవాడు కథానాయకుడైన రాతప్రతి ఒక్కటీ తనకు రాలేదని ఆయన బాధ. 1940లో ఒక పత్రికలో వచ్చిన చిన్న నల్లబ్బాయి ఫొటోలను కత్తిరించి ఇరవై ఏళ్ళకు పైగా దాచుకున్నాడు. ఆ అబ్బాయే 1962లో వచ్చిన 'ద స్నోయీ డే'లో పీటర్. ఎర్ర కోటు వేసుకుని మంచులోకి వెళ్తాడు, అడుగుల గుర్తులు వేస్తాడు, ఒక మంచు ముద్దను జేబులో పెట్టుకుని ఇంటికొస్తాడు. అంతకుమించి కథ లేదు. పిల్లవాడి ఒంటి రంగు గురించి ఒక్క మాట లేదు. వాడు ఆడుకుంటున్నాడు, అంతే. పుస్తకంలోని దృశ్యాలను కీట్స్ రకరకాల కాగితాలు అంటించి తయారుచేశాడు. అమ్మ గౌను నూనెగుడ్డ ముక్క. మంచు రేకులు రబ్బరు ముక్కలను కోసి అద్దినవి. రాత్రి గది గోడ మీది మసక టూత్‌బ్రష్షుతో చిమ్మిన సిరా.

1965లో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త లెక్క వేస్తే, మూడేళ్ళలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాల్లో నల్లజాతి వాళ్ళు ఒక్కరైనా కనిపించినవి 349 మాత్రమే. కీట్స్ ఎలాంటి ఎడారిలో చెట్టు నాటాడో ఈ అంకె చెబుతుంది. 1963లో ఈ పుస్తకానికి కాల్డెకాట్ పతకం వచ్చింది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2020లో తన 125 ఏళ్ళ చరిత్రను తిరగేసి చూసుకుంటే, పాఠకులు అందరికంటే ఎక్కువసార్లు ఇంటికి తీసుకెళ్ళిన పుస్తకం ఇదే: 4,85,583 సార్లు.

'ద స్నోయీ డే' వచ్చిన మరుసటి ఏడాది మారిస్ సెండాక్ (1928–2012) 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' వచ్చింది. అల్లరి చేసిన మాక్స్‌ను అమ్మ అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది. గది అడవిగా మారుతుంది. వాడు పడవెక్కి భీకర జంతువుల దీవికి వెళ్ళి రాజవుతాడు. చివరికి ఇంటిమీద బెంగపడి తిరిగొస్తాడు. సెండాక్ ముందు గుర్రాల కథ అనుకున్నాడు. గుర్రాలు తనకు సరిగా రావని భీకర జంతువులకు మారాడు. వాటి ముఖాలు ఆదివారాలు భోజనానికి వచ్చి బుగ్గలు గిల్లే చుట్టాల ముఖాలట.

ఈ పుస్తకం గొప్పతనం దాని కొలతల్లో ఉంది. మొదటి పేజీలో బొమ్మ చిన్నది, చుట్టూ తెల్లని ఖాళీ. మాక్స్ కోపం పెరిగేకొద్దీ బొమ్మ పెరుగుతుంది, పేజీ నింపుతుంది, ఎదుటి పేజీలోకి పొంగుతుంది. జాతర మొదలయ్యేసరికి మూడు జంట పేజీలు మాటే లేకుండా బొమ్మలే. కోపం చల్లారుతుంటే బొమ్మ మళ్ళీ కుంచించుకుపోతుంది. ఆఖరి పేజీలో బొమ్మ లేదు, కొన్ని మాటలే ఉన్నాయి. ఆ మాటలు చెప్పేది అమ్మ ప్రేమ గురించి. పిల్లల కోపాన్ని ఇంత నిజాయితీగా ఎవరూ గీయలేదు. పెద్దలు భయపడ్డారు. మనస్తత్వవేత్త బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకం చూడకుండానే 1969లో ఒక పత్రికలో దాన్ని విమర్శించాడు. పిల్లలు మాత్రం భయపడలేదు, మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. వాళ్ళ తీర్పే నిలిచింది.

ఎరిక్ కార్ల్ (1929–2021) అమెరికాలో పుట్టి, ఆరేళ్ళ వయసులో తల్లిదండ్రులతో జర్మనీకి వెళ్ళాడు. హిట్లర్ పాలన నడుస్తున్న కాలం. తండ్రి సైన్యంలోకి పోయి, రష్యాలో ఖైదీగా ఉండి, 1947లో గానీ తిరిగి రాలేదు. బడిలో బొమ్మల మాస్టారు ఒకాయన, ప్రభుత్వం నిషేధించిన ఆధునిక చిత్రాలను ఈ కుర్రాడికి రహస్యంగా చూపించాడు. బూడిదరంగు యుద్ధకాలంలో చూసిన ఆ రంగులు కార్ల్ జీవితాంతం వదల్లేదు. 1952లో జేబులో 40 డాలర్లతో న్యూయార్కు చేరుకున్నాడు.

'ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' (1969) ఆలోచన కాగితాలకు రంధ్రాలు కొట్టే పంచింగ్ మిషన్‌తో పుట్టింది. పుస్తకాన్ని తినే పురుగు కథ అనుకున్నాడు. సంపాదకురాలు ఆన్ బెనెడ్యూస్ గొంగళిపురుగైతే బాగుంటుందంది. గొంగళిపురుగనగానే చివర సీతాకోకచిలుక దొరికింది. పండ్ల పేజీలు ఒకదాని కంటే ఒకటి వెడల్పుగా, ప్రతి పండుకూ ఒక రంధ్రంతో ఉంటాయి. అంత ఖరీదైన అచ్చు అమెరికాలో కుదరక జపానులో చేయించారు. రెండేళ్ళ పిల్లలు ఆ రంధ్రంలో వేలు పెడతారు. వేలితో పాటు వారాలు, అంకెలు, ఆకలి, ఎదగడం అన్నీ లోపలికి వెళ్తాయి. ఇంటి నుంచి బడికి వెళ్ళడం పిల్లల జీవితంలో పెద్ద గండమనీ, ఆటవస్తువుకూ పుస్తకానికీ మధ్య ఉండే పుస్తకం ఆ గండం దాటిస్తుందనీ కార్ల్ నమ్మాడు. పల్చటి టిష్యూ కాగితాలకు ముందుగా రంగులు పూసి, ఆరబెట్టి, రంగుల వారీగా సొరుగుల్లో దాచుకుని, కావలసినప్పుడు కోసి అంటించేవాడు. ఈ పుస్తకం 60కి పైగా భాషల్లో 5 కోట్ల ప్రతులు దాటింది. 2002లో ఆయన దంపతులు మసాచుసెట్స్‌లోని ఆమ్హెర్స్ట్‌లో బొమ్మల పుస్తకాల కళకే ఒక మ్యూజియం తెరిచారు.

ఇంగ్లండు, తూర్పు ఆసియా

జుడిత్ కెర్ (1923–2019) బెర్లిన్‌లో పుట్టి, 1933లో నాజీల నుంచి తప్పించుకుని కుటుంబంతో వచ్చేసిన శరణార్థి. చిన్న కూతురికి చెప్పిన కథే 'ద టైగర్ హూ కేమ్ టు టీ' (1968). పులి తలుపు కొట్టి లోపలికొచ్చి ఇంట్లో ఉన్నదంతా తిని, తాగి, మర్యాదగా సెలవు తీసుకుని వెళ్ళిపోతుంది. ఆ పులిలో నాజీలను వెతికినవాళ్ళకు, పులి పులే అని ఆమె జవాబు. రెండేళ్ళ తర్వాత మొదలుపెట్టిన మాగ్ అనే మతిమరుపు పిల్లి కథలను 2002లో ఆ పిల్లి మరణం దాకా తీసుకొచ్చింది. ఇంగ్లండులో జాన్ బర్నింగ్‌హామ్, షర్లీ హ్యూస్, మూతలు తెరిచి చూసే 'వేర్ ఈజ్ స్పాట్?' (1980) తెచ్చిన ఎరిక్ హిల్ ఇదే వరసలోని వాళ్ళు.

జపానులో బొమ్మల పుస్తకాలకు ఊపిరి పోసింది ఒక మాసపత్రిక. 1956 నుంచి ఫుకుయింకన్ సంస్థ 'కొదొమో నో తొమో' పేరుతో నెలకో కథ, నెలకో పల్చని పుస్తకంగా నర్సరీ బడులకు చందా పద్ధతిలో పంపుతూ వచ్చింది. కొత్త చిత్రకారులకు క్రమం తప్పని పని, ఇళ్ళకు చవక పుస్తకాలు. కాకో సతోషి (1926–2018) రసాయన పరిశ్రమలో ఇంజనీరుగా ఉద్యోగం చేస్తూ, ఖాళీవేళల్లో కార్మికవాడల పిల్లలకు కాగితపు బొమ్మలతో కథలు చెబుతూ రచయిత అయ్యాడు. కథ బాగోకపోతే పిల్లలు లేచి తూనీగలు పట్టుకోవడానికి పోయేవారు. అదే తన బడి అనేవాడు. గోమి తారో 1977లో అన్ని జంతువుల మలవిసర్జన గురించి ఒక పుస్తకం చేశాడు. మొదట పెద్దలు ముక్కు మూసుకున్నా, పసిపిల్లలకు అంతకంటే గంభీరమైన విషయం లేదని ప్రపంచం తర్వాత ఒప్పుకుంది. కొరియా కర్త సూజీ లీ 'వేవ్' (2008)లో ఒక్క మాట లేదు. పుస్తకం మధ్య కుట్టునే ఆమె ఒడ్డుకూ సముద్రానికీ సరిహద్దు చేసింది. ఒడ్డున ఉన్న పాప ఆ కుట్టు దాటి అటు పేజీలోకి అడుగుపెట్టడమే కథ. 2022లో ఆమెకు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం వచ్చింది.

భారతదేశం, తెలుగు

1957లో కార్టూనిస్టు శంకర్ ఢిల్లీలో చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు నెలకొల్పాడు. తానే రాసి, తానే బొమ్మలు వేసిన పుస్తకాలను అందులో ప్రచురించాడు. 1990ల్లో చెన్నైలో తారా బుక్స్, తూలికా వచ్చాయి. తూలికా పుస్తకాలు తెలుగుతో సహా పలు భాషల్లో వస్తాయి. అశోక్ రాజగోపాలన్ రాసి గీసిన 'గజపతి కులపతి'లో ఊరంత ఏనుగుకు జలుబు చేస్తుంది. తుమ్ము వస్తే ఏమవుతుందో చూడటానికి పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ప్రియా కురియన్ 'అమ్మాచ్చీస్ గ్లాసెస్'లో మాటలు లేవు. కళ్ళజోడు కనిపించని కేరళ అమ్మమ్మ చేసే హడావిడే కథ. బెంగళూరు ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వేదికలో రాజీవ్ ఐప్ వంటి కర్తల పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు.

తెలుగులో పిల్లల బొమ్మలకు గొప్ప చరిత్ర ఉంది. 'బాల' 1945లో, 'చందమామ' 1947లో మొదలయ్యాయి. వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ (పైన చెప్పిన కార్టూనిస్టు కాదు), బాపు వంటి వాళ్ళ రేఖలు కొన్ని తరాల ఊహలను తీర్చిదిద్దాయి. కాని అవి చదవడం వచ్చిన పిల్లల పత్రికలు. బొమ్మ కథకు తోడు; కథ ముందే రాసి ఉంటుంది. రాసేదీ గీసేదీ తానే అయిన అరుదైన తెలుగువాడు బుజ్జాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి కొడుకు. బడికి వెళ్ళకుండా తండ్రి వెంట తిరుగుతూ పెరిగాడు. 'డుంబు' బొమ్మల కథలు, పంచతంత్రం కామిక్సు ఆయనవే. అవీ కొంచెం పెద్ద పిల్లలవే. మూడేళ్ళ తెలుగు బిడ్డ కోసం మన ఊళ్ళు, మన వానలు, మన పిల్లులతో ఒకే చేతి మీద వచ్చిన పుస్తకాలు వెతికితే అరుదుగా దొరుకుతాయి. మంచి పుస్తకం సంస్థ పాత రష్యన్ పుస్తకాలను మళ్ళీ అందుబాటులోకి తెచ్చింది. అమెరికా తెలుగువారి సంఘం తానాతో కలిసి పిల్లల పుస్తకాల పోటీలు పెట్టి కొత్తవి అచ్చువేసింది. ఈ దారిలో మరెందరో నడవాలి.

మన దగ్గర చిత్రకారులకు కొదవ లేదు. వాళ్ళ చేతికి రాతప్రతి ఇచ్చి బొమ్మలు వేసిపెట్టమనడమే అలవాటుగా ఉంది. ప్రచురణకర్తలు ఏడాదికి ఒక్క పుస్తకమైనా ఖాళీ కాగితాలుగా చిత్రకారుడికో చిత్రకారిణికో అప్పగించాలి. తొందరపెట్టకుండా, తగిన పారితోషికంతో, అట్ట మీద వాళ్ళ పేరు రచయిత పేరంత అక్షరాల్లో వేయాలి. జపాను పద్ధతిలో నెలకో పల్చని పుస్తకం అంగన్‌వాడీలకు చేరితే కర్తలూ పుడతారు, పాఠకులూ పుడతారు. ఇంట్లో చదివి వినిపించే అమ్మలు, నాన్నలు, తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు కథ మొదలుపెట్టే ముందు బొమ్మలు వేసినవాళ్ళ పేరు కూడా బిడ్డకు చదివి చెప్పండి.